ఒకే ఐ5, రెండు ధరలు: ల్యాప్‌టాప్‌లను ఎలా పోల్చాలి?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసి కాలేజీ ఖాయమైన ఇళ్లలో తర్వాతి చర్చ ల్యాప్‌టాప్ గురించే. ఫీజు, హాస్టల్ కట్టాక మిగిలిన డబ్బులోంచి యాభై అరవై వేలు తీయాలి. తీసేది ఒక్కసారే, అది నాలుగేళ్లు నిలవాలి. దుకాణానికి వెళ్తే ‘ఐ5, 16 జీబీ, 512, ఫుల్ హెచ్‌డీ’ అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. పక్క దుకాణంలోనూ అవే మాటలు, ధరలో మాత్రం ఎనిమిది వేల తేడా. అది దేనివల్లో తెలియక కొందరు తక్కువ ధరది తీసుకుంటారు, ధర ఎక్కువైతే సరుకూ మంచిదేనని ఇంకొందరు రెండోది తీసుకుంటారు.

నేను చెప్పేది ఒకటే. కొన్నాక మార్చుకోలేని భాగాల మీద ముందు డబ్బు పెట్టండి, మార్చుకోగలిగిన వాటి దగ్గర తగ్గండి. స్క్రీన్, ప్రాసెసర్, బోర్డుకు అతికించేసిన ర్యామ్ మళ్లీ మారవు. ఎస్ఎస్‌డీ మారుతుంది. చాలా మోడళ్లలో బ్యాటరీ కూడా మారుతుంది. కింది జవాబులన్నిటికీ ఆధారం ఇదే.

రెండింట్లోనూ ఐ5 అనే ఉంది. మరి ధర ఎందుకు వేరు?

ఐ5 అనేది ప్రాసెసర్ తరగతి మాత్రమే. అసలు పేరు ఆ తర్వాత వచ్చే అంకెల్లో, చివరి అక్షరంలో ఉంటుంది. ఐ5-1235యూ, ఐ5-1335యూ, ఐ5-12450హెచ్, ఐ5-13420హెచ్ నాలుగూ ఐ5లే. మొదటి రెండు అంకెలు తరం చెబుతాయి: 12 అంటే పన్నెండో తరం, 13 అంటే పదమూడోది. చివరి అక్షరాన్ని బట్టి అది ఎంత కరెంటు తీసుకునేలా తయారైందో తెలుస్తుంది. ఇంటెల్ లెక్కలో ‘యూ’ రకానికి బేస్ పవర్ 15 వాట్లు, ‘హెచ్’ రకానికి 45 వాట్లు. ‘యూ’ తక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీని ఆదా చేస్తుంది. ‘హెచ్’ గంటల తరబడి సాగే బరువు పనిని, అంటే వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్ లాంటివాటిని, వేగం తగ్గకుండా మోస్తుంది.

కోర్ల సంఖ్య చూసి తొందరపడకండి. 1335యూలో పది కోర్లుంటాయి, 13420హెచ్‌లో ఎనిమిదే. కానీ మొదటిదాంట్లో పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. రెండోదాంట్లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. బరువు పనిలో ఎనిమిది కోర్లదే ముందుంటుంది.

2023 చివర్లో ఇంటెల్ పేర్లలోంచి ‘ఐ’ తీసేయడంతో గందరగోళం ఇంకాస్త పెరిగింది. ఇప్పుడు కోర్ అల్ట్రా 5 125హెచ్ ఉంది, కోర్ 5 120యూ కూడా ఉంది. మొదటిది కొత్త నిర్మాణం. ‘అల్ట్రా’ అన్న మాట లేని రెండోది పదమూడో తరం నిర్మాణాన్నే కొత్త పేరుతో ముందుకు తెచ్చినది. అది చెడ్డదేమీ కాదు, కాకపోతే కొత్త తరం ధర పెట్టి కొనాల్సిన అవసరం లేదు.

రైజెన్ అంకెలను ఎలా చదవాలి?

రైజెన్ 7000 వరుసలో నాలుగు అంకెలుంటాయి. దుకాణంలో అందరూ మొదటి అంకెనే చూస్తారు, మీరు మూడో అంకె చూడండి. లోపలి నిర్మాణం ఏ కాలానిదో చెప్పేది అదే: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4.

రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పేర్లు పక్కపక్కన పెడితే తేడా ఒక్క అంకె. చదివేటప్పుడు కంటికి ఆనదు కూడా. కానీ 7520యూలో ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 నిర్మాణం, నాలుగు కోర్లు. 7530యూలో జెన్ 3, ఆరు కోర్లు. రెండు ల్యాప్‌టాప్‌ల మీదా ‘రైజెన్ 5 7000 సిరీస్’ అన్న స్టిక్కరే ఉంటుంది. మూడు నాలుగు వేలు తక్కువని మొదటిది తెచ్చుకుంటే ఆ తేడా మూడో ఏడాదిలో బాగా తెలుస్తుంది. నాలుగేళ్ల చదువుకు 7520యూ కొనమని నేను చెప్పను. ఇంట్లో బిల్లులు కట్టుకోవడానికి, సినిమాలు చూడటానికి, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు అయితే అది సరిపోతుంది.

ఇదే జాగ్రత్త ఇంటెల్ ‘ఎన్’ వరుస విషయంలోనూ తీసుకోవాలి. ఎన్100, ఎన్200, ఐ3-ఎన్305 ఇవన్నీ పూర్తిగా చిన్న కోర్లతో చేసినవి. పాతిక, ముప్పై వేలలో కొత్త ల్యాప్‌టాప్ అంటూ వచ్చేవాటిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి.

ఇంకో మాట. ఒకే ప్రాసెసర్ రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకేలా పనిచేయదు. దానికి ఎన్ని వాట్లు ఇవ్వాలన్నది, వచ్చిన వేడిని బయటికి పంపే ఫ్యాను, రాగి గొట్టాలు ఎంత గట్టివన్నది ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. అందుకే ప్రాసెసర్ రివ్యూ ఒక్కటే చదివి ఊరుకోకండి, ఆ ల్యాప్‌టాప్ మోడల్ రివ్యూనే వెతికి చదవండి.

ఇప్పటికి 8 జీబీ ర్యామ్‌ది తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు కదా?

పెంచుకునే వీలు ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. పల్చని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ చిప్పులు మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. వివరాల్లో ‘ఆన్‌బోర్డ్’ అనో, ‘సోల్డర్డ్’ అనో, ‘ఎల్‌పీడీడీఆర్5’ అనో కనిపిస్తే దాదాపు ఖాయంగా అది మారదు. 8 కొంటే ఎప్పటికీ 8 తోనే గడపాలి. ‘సోడిమ్’ అని, ‘రెండు స్లాట్లు’ అని ఉంటే పెంచుకోవచ్చు. మూడో రకం కూడా ఉంది: 8 జీబీ అతికించి, పక్కన ఒక ఖాళీ స్లాట్ ఇస్తారు.

దుకాణంలో నడుస్తున్న డెమో ల్యాప్‌టాప్ ఉంటే మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. ఎన్ని స్లాట్లున్నాయి, ఎన్ని వాడారు, వేగమెంత అన్నది కుడిపక్కన కింద ఉంటుంది.

8 జీబీ చాలదా అంటే, విండోస్ 11 తెరుచుకునేసరికే దాదాపు సగం తనకు తీసుకుంటుంది. పైన బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక వీడియో క్లాసు నడిస్తే మిగిలేది చాలా తక్కువ. ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ నడపాలంటే గూగుల్ కనీసం 16 జీబీ ఉండాలంటోంది. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు 16 ఉండాల్సిందే అని నేను గట్టిగా చెబుతాను.

ర్యామ్ ఎంత ఉందన్నదే కాదు, ఎలా అమర్చారన్నదీ చూడాలి. ఒకే స్లాట్‌లో 16 ఉండటం వేరు, రెండు స్లాట్లలో 8, 8 ఉండటం వేరు. రెండు దారుల్లో డేటా నడిస్తే ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం బాగా పుంజుకుంటుంది, ఎందుకంటే దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లకు ర్యామ్ ఒకే దారిలో ఇస్తే విండోస్ దాన్ని ఐరిస్ అని కూడా చూపించదు, మామూలు ‘యూహెచ్‌డీ గ్రాఫిక్స్’ అనే చూపిస్తుంది. పెట్టె మీద ఐరిస్ అని చదివి, ఇంటికొచ్చాక యూహెచ్‌డీ కనిపించి కంగారుపడేవాళ్లకు కారణం ఇదే. రెండో స్లాట్‌లో ఇంకో ర్యామ్ వేస్తే పేరు సరిపోతుంది, వేగమూ వస్తుంది.

అయితే ‘తర్వాత వేయించుకుందాం’ అన్న లెక్క ఒకప్పుడు కలిసొచ్చినంతగా ఇప్పుడు కలిసిరావడం లేదు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్పులు అటు తరలిపోవడంతో 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. 8 జీబీ మోడల్‌కు, 16 జీబీ మోడల్‌కు మధ్య తేడా ఎంతో, విడిగా 8 జీబీ ర్యామ్ ధర ఎంతో అదే రోజు అడిగి, రెండూ పక్కన పెట్టి చూసుకోండి.

512 జీబీ అన్నారు, 476 చూపిస్తోంది. మోసపోయామా?

లేదు. కంపెనీ లెక్కలో 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో దాదాపు 107 కోట్ల 37 లక్షల బైట్లు. 512ను 1.0737తో భాగిస్తే 476 పైచిలుకు వస్తుంది. అంటే స్థలం అంతే ఉంది, కొలత మారింది. ‘ఎన్‌వీఎంఈ’ అని ఉందో లేదో మాత్రం చూడండి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈలో మూడో తరం 3500 దాకా, నాలుగో తరం 7000 దాకా చదవగలవు. రోజువారీ పనిలో మూడుకూ నాలుగుకూ తేడా కంటికి తెలియదు, దానికి ఎక్కువ డబ్బు ఇవ్వొద్దు. స్థలం చాలకపోతే ఎస్ఎస్‌డీ తర్వాత మార్చుకోవచ్చు.

స్క్రీన్‌లో ఏం చూడాలి?

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అందరూ చిన్నచూపు చూసేది స్క్రీన్‌నే. ప్రాసెసర్ నెమ్మదైతే కొన్ని పనుల్లోనే తెలుస్తుంది. స్క్రీన్ నాసిరకమైతే మూత తెరిచినప్పటి నుంచి మూసేదాకా కళ్లకు తెలుస్తూనే ఉంటుంది. అయినా ప్రకటనల్లో ‘ఫుల్ హెచ్‌డీ’ అన్న ఒక్క మాటతో దాన్ని దాటేస్తారు.

ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం 20 లక్షల 73 వేలు. పాత 1366, 768 స్క్రీన్‌లో ఇవి 10 లక్షల 49 వేలే. పాత స్టాకులో, సెకండ్ హ్యాండ్‌లో అవి ఇంకా దొరుకుతున్నాయి. తెలుగు చదివేవాళ్లు అలాంటిది తీసుకోకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒకే వరుసలో సర్దుకుంటుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి ఆ వత్తుకు తోడు ఇంకో వత్తు. ఇవన్నీ అదే ఎత్తులో ఇమడాలంటే చుక్కలు చాలినన్ని ఉండాలి. దుకాణంలో ఏదైనా తెలుగు దినపత్రిక వెబ్‌సైట్ తెరిచి, అక్షరాలు పెద్దవి చేయకుండా ‘రాష్ట్రం’ అన్న మాట ఎక్కడుందో వెతికి చూడండి. ష కింద ట వత్తు, ర వత్తు విడివిడిగా, గీతలు కలిసిపోకుండా కనిపిస్తే ఆ స్క్రీన్ మీ కళ్లకు పనికొస్తుంది. ఏ రివ్యూ కంటే కూడా ఈ పరీక్ష తెలుగువాళ్లకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

తర్వాత ప్యానెల్ రకం. చవక మోడళ్లలో ‘టీఎన్’ ప్యానెల్ ఉంటే, ఎదురుగా కూర్చున్నంతసేపు బాగానే ఉంటుంది. మూత కాస్త వెనక్కి వంచినా, పక్క నుంచి చూసినా రంగులు తిరగబడతాయి. ‘ఐపీఎస్’ అయితే ఏ వైపు నుంచి చూసినా నిలకడగా ఉంటుంది. వివరాల్లో ప్యానెల్ పేరు రాయకపోతే అది టీఎన్ కావచ్చని అనుమానించండి. నల్లటి బొమ్మ ఒకటి తెరిచి, నిలబడి పైనుంచి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ‘ఓలెడ్’ స్క్రీన్లలో నలుపు నిజంగా నల్లగా, రంగులు నిండుగా ఉంటాయి. కానీ వాటిలో చాలావరకు వెలుగు తగ్గించినప్పుడు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. ఆ మినుకు కొందరికి తలనొప్పి తెస్తుంది. గంటల తరబడి కోడ్ రాసేవాళ్లు కొనేముందు కాసేపు కూర్చుని చూసుకోవాలి. మెరిసే గాజు కావడంతో వెనక ట్యూబ్‌లైట్ కూడా అందులో కనిపిస్తుంది.

వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. అందుబాటు ధరలో ఎక్కువగా ఉండేది 250. గదిలో, ట్యూబ్‌లైట్ కింద అది చాలు. పగటిపూట కిటికీ పక్కన, వరండాలో, రైల్లో పనిచేసేవాళ్లకు 300 కూడా తక్కువే అనిపిస్తుంది, 400 ఉంటే హాయిగా ఉంటుంది.

రంగుల లెక్క ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అనో, ‘100 శాతం ఎస్ఆర్‌జీబీ’ అనో రాస్తారు. ఎన్‌టీఎస్‌సీ 1953 నాటి అమెరికా టీవీ ప్రమాణం. ఇప్పటి వెబ్‌సైట్లు, ఫొటోలు ఎస్ఆర్‌జీబీ ప్రకారం నడుస్తాయి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు పూర్తి ఎస్ఆర్‌జీబీ. 45 శాతం అంటే అందులో మూడింట రెండు వంతులకు అటూఇటూ. పాఠాలకు, కోడింగ్‌కు ఇది ఇబ్బంది కాదు. కానీ మంగళగిరి, పోచంపల్లి చీరలు ఫొటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు, పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకు పెద్ద ఇబ్బందే. ముదురు ఎరుపు ఇక్కడ వెలిసినట్టు కనిపిస్తుంది, దాన్ని సరిచేసి పెడితే కొనేవాళ్ల ఫోన్‌లో అదే ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చీర ఇంటికెళ్లాక రంగు వేరంటూ వెనక్కొస్తుంది. ఈ పని చేసేవాళ్లు ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకునైనా మంచి స్క్రీన్ తీసుకోవాలి.

120 హెర్ట్జ్, 144 హెర్ట్జ్ ఆటలాడేవాళ్లకు అవసరం. మిగతావాళ్లకు ఉంటే సంతోషమే, దాని కోసం డబ్బు పెంచనక్కర్లేదు.

14, 15.6, 16 అంగుళాల్లో ఏది?

అంగుళాల లెక్క మూల నుంచి మూలకు. ఆకారం మారితే అదే అంకెకు విస్తీర్ణం మారుతుంది. 15.6 అంగుళాల 16:9 స్క్రీన్ వెడల్పు 13.6 అంగుళాలు, ఎత్తు 7.65. 16 అంగుళాల 16:10 స్క్రీన్ వెడల్పు దాదాపు అంతే, ఎత్తు మాత్రం 8.5 దగ్గర. అంటే బ్యాగులో పట్టే వెడల్పు మారకుండానే పేజీలో నాలుగైదు పంక్తులు ఎక్కువ కనిపిస్తాయి. చదవడం, రాయడం ఎక్కువైనవాళ్లకు 16:10 మంచిది. రోజూ బస్సులో కాలేజీకి మోసుకెళ్లే పిల్లలకు 14 అంగుళాలే నయం. కిలో 400 గ్రాములకూ కిలో 800 గ్రాములకూ తేడా భుజానికి తెలుస్తుంది. అన్నట్టు, ఛార్జర్ బరువు ఈ లెక్కలో ఎవరూ చెప్పరు.

గ్రాఫిక్స్ కార్డు లేకపోతే బీటెక్‌కు పనికిరాదంటున్నారు. నిజమా?

ఏ బ్రాంచి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి రెండేళ్ల ప్రోగ్రామింగ్‌కు అక్కర్లేదు. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లు మొదట్లో గూగుల్ కోల్యాబ్ మీద ఉచితంగానే చాలా చేయగలరు. మెకానికల్, సివిల్, ఆర్కిటెక్చర్‌లో త్రీడీ మోడలింగ్ చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, ఆటలాడేవాళ్లకు అవసరం.

కొంటే మాత్రం పేరుతో ఆగకండి. ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ కార్డు 4 జీబీ మెమరీతో ఉంది, 6 జీబీతోనూ ఉంది. ఆర్‌టీఎక్స్ 4050కి ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. పల్చటి ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచే 4050, పూర్తి వాట్లు అందే పాత కార్డు ముందు వెనకబడొచ్చు. వివరాల్లో ‘టీజీపీ’ అన్న మాట దగ్గర ఎన్ని వాట్లుందో చూడండి. రాయకపోతే అడిగి తెలుసుకోండి.

మన ఎండలకు, కరెంటు కోతలకు ఏది నిలుస్తుంది?

మ్యాక్‌బుక్‌లు వాడాల్సిన పరిసర ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ చెబుతుంది. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లకూ 35 అన్న అంకే కనిపిస్తుంది. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆ హద్దు దాటిపోతుంది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే మన ఊళ్లలో వాడేదానికి మరీ పల్చనిదాని కంటే కాస్త మందంగా, అడుగున గాలి రంధ్రాలు ధారాళంగా ఉన్నది మంచిదంటాను. కొన్నాక మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడొద్దు. గాలి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది.

బ్యాటరీని గంటల్లో కాదు, వాట్-అవర్‌లలో పోల్చాలి. ‘పది గంటలు వస్తుంది’ అన్నది వెలుగు తగ్గించి వీడియో ఒక్కటే నడిపి కట్టిన లెక్క. 42 వాట్-అవర్ బ్యాటరీ ఉంది, మీ పనికి సగటున 8 వాట్లు ఖర్చవుతుంది అనుకుంటే ఐదు గంటలు వస్తుంది. 70 ఉంటే ఎనిమిదిన్నర దాటుతుంది. ఒకే మోడల్‌లో రెండు బ్యాటరీ సైజులు ఉండొచ్చు, తక్కువ ధరదాంట్లో చిన్నది పెడతారు. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అవుతుందో లేదో కూడా అడగండి. సీ ఆకారంలో పోర్టు ఉన్నంత మాత్రాన ఛార్జింగ్, వీడియో రెండూ వస్తాయని అనుకోకండి. వివరాల్లో ‘పవర్ డెలివరీ’, ‘డిస్‌ప్లేపోర్ట్’ అన్న మాటలు కనిపించాలి.

ధరలను నిజంగా ఎలా పోల్చాలి?

ముందు పూర్తి మోడల్ నంబరు పట్టుకోండి. ‘ఐడియాప్యాడ్ స్లిమ్ 3’ అన్నది ఒక కుటుంబం పేరు, దాని కింద ఎన్నో రకాలుంటాయి. పెట్టె మీద, ల్యాప్‌టాప్ అడుగున ఉండే పార్ట్ నంబరు ఒక్కటే ఖచ్చితమైనది. లెనోవో అయితే పీఎస్‌రెఫ్ అనే తన జాబితాలో ప్రతి మోడల్ స్క్రీన్ నిట్స్, ర్యామ్ స్లాట్లు, బ్యాటరీ సైజు దాకా రాసి పెడుతుంది. మిగతా కంపెనీల సైట్లలోనూ వెతికితే దొరుకుతుంది. రెండు దుకాణాల ధరలు పోల్చేముందు నంబర్లు అక్షరం అక్షరం సరిపోయాయో లేదో చూడండి. సరిపోకపోతే మీరు పోలుస్తున్నది వేర్వేరు ల్యాప్‌టాప్‌లను.

తర్వాత పెట్టెలో ఏమేం వస్తాయో లెక్కలోకి తీసుకోండి. విండోస్ ఉందా, లేక డాస్ మాత్రమేనా? ఆఫీస్ ఎప్పటికీ మీదేనా, ఏడాది చందానా? వారంటీ ఒక ఏడాదా, రెండా, మనిషి ఇంటికొస్తాడా, మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలా? మీ ఊళ్లో, లేదా పిల్లల కాలేజీ ఉన్న ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ లేకపోతే రెండు వేలు తక్కువకు దొరికినా వదిలేయండి.

ల్యాప్‌టాప్ మీద జీఎస్‌టీ 18 శాతం. 59,000 ధరలో 9,000 పన్నే. వ్యాపారం ఉండి జీఎస్‌టీ నంబరు ఉన్నవాళ్లు ఆ నంబరుతో బిల్లు రాయించుకుంటే, వ్యాపారానికి వాడేదైతే ఆ మొత్తాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు.

‘నో కాస్ట్ ఈఎంఐ’ పూర్తిగా ఉచితం కాదు. 60,000 ల్యాప్‌టాప్‌కు నెలకు 5,000 చొప్పున 12 నెలలు అనుకుందాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతమైతే, ఆ వాయిదాల్లో వడ్డీ భాగం దాదాపు 4,600. అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపిస్తారు, అందుకే ‘నో కాస్ట్’ అంటారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, అంటే సుమారు 830 రూపాయలు మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరు. పైగా మొత్తం ఒకేసారి కడితే వచ్చే కార్డు తగ్గింపు ఇందులో రాకపోవచ్చు. రెండింటి చివరి మొత్తం కాగితం మీద వేసి చూడండి.

చివరిగా ధరను ఏళ్లతో భాగించండి. 45,000 పెట్టి మూడేళ్లకే విసిగిపోతే ఏడాదికి 15,000 పడుతుంది. 60,000 పెట్టి ఐదేళ్లు వాడితే 12,000.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య తెస్తానంటున్నాడు. తెప్పించుకోమంటారా?

అక్కడ చెప్పే ధరలో సేల్స్ ట్యాక్స్ కలిసి ఉండదు. చాలా రాష్ట్రాల్లో బిల్లు దగ్గర అది పైన పడుతుంది. అది కలిపి, ఆ రోజు డాలర్ లెక్కకు మార్చి ఇక్కడి ఆఫర్ ధరతో పోల్చండి. నవంబర్ చివరి బ్లాక్ ఫ్రైడే అమ్మకాల్లో, ముఖ్యంగా ఖరీదైన మోడళ్ల మీద, తేడా బాగా ఉండొచ్చు. అరవై వేల లోపు వాటిలో ఆ శ్రమకు తగ్గ లాభం కనిపించడం అరుదు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే మన కరెంటుకు పనిచేస్తుంది, గోడకు గుచ్చే తీగ ఒక్కటి మార్చుకుంటే చాలు. అసలు చూడాల్సింది వారంటీ. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకే అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి. కొనకముందే మీ అన్నయ్యతో ఆ మోడల్ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

బడ్జెట్ పాతిక వేలే. సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, నేనైతే ఆ ధరలో ‘ఎన్’ వరుస కొత్తదాని కంటే కార్పొరేట్ కంపెనీల్లో వాడి వదిలిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వైపే చూస్తాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఆ చుట్టుపక్కల ఇలాంటివి వరుసగా దొరుకుతాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలి. ఆరు, ఏడు తరాలవి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూపించమని అడగండి. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండితే వచ్చే సామర్థ్యం రెండూ అందులో పక్కపక్కనే ఉంటాయి. 60 శాతం కంటే తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. కీబోర్డులో ప్రతి మీటా నొక్కి చూడండి, కీలు బిగుతుగా ఉందో లేదో మూత రెండు మూడుసార్లు తెరిచి మూయండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

కొత్తదైనా సరే, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు సీల్ దగ్గర్నుంచి ఆపకుండా వీడియో తీయండి. పెట్టె మీది సీరియల్ నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్నది, బిల్లు మీదది మూడూ ఒకటేనా అని సరిచూసి, ఆ నంబరు కంపెనీ సైట్‌లో వేసి వారంటీ ఏ తేదీతో మొదలైందో చూడండి. మీరు కొన్న తేదీకి ముందే మొదలైనట్టు కనిపిస్తే బిల్లు పంపి సరిచేయించుకోవాలి, అది మొదటి వారంలోనే చేయాలి. స్క్రీన్ నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటిగా పెట్టి వెలగని చుక్కలున్నాయేమో వెతకండి. మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల వారం పది రోజులే ఉంటుంది.